మొద్దులు దింపేటప్పుడు ప్రమాదం జరిగితే: మొదటి పది నిమిషాల నుంచి మళ్లీ చెట్టెక్కేదాకా ఏం చేయాలి

ఈ వేసవిలో ఈదురుగాలులు మొదలైనప్పటి నుంచి చెట్లను పైనుంచి ముక్కలుగా కోసి తాడుతో దింపే తమ్ముళ్లు నన్ను అడుగుతున్నది ఎక్కువగా ఒకటే ప్రశ్న. "అన్నా, మొద్దు ఊగి మా పిలగాడికి తగిలింది, తెగిన తాడు మార్చినం, ఇంకేం చేయాలె?" చేయాల్సింది చాలా ఉంది. తెగింది ఒకటి, తెగడానికి కారణం ఇంకొకటి అవుతుంది చాలాసార్లు. ఆ కారణం అలాగే ఉంటే కొత్త తాడు కట్టినా ఈసారి ఇంకో చోట తెగుతుంది.

కాబట్టి ప్రమాదం జరిగిన రోజు నుంచి వరుసగా ఏం చేయాలో రాస్తున్నాను. ముందు నాలుగు మాటలు అనుకుందాం. మనిషిని పట్టుకునేది ఎక్కే తాడు. కోసిన మొద్దుకు కట్టేది లోడు తాడు. గిలకను చెట్టుకు కట్టే ముక్క స్లింగ్. కింద తాడు చుట్టి మెల్లగా వదిలే చోటు, అది ఇనుప డ్రమ్మైనా చెట్టు మొదలైనా, బ్రేకు.

## 1. ప్రమాదానికి ముందే దగ్గర ఉండాల్సినవి

ప్రమాదం జరిగాక వెతుక్కుంటే ఇవేవీ దొరకవు, అందుకే బండిలో ఒక సంచిలో పెట్టి ఉంచండి.

- కొలిచే టేపు, నోటు బుక్కు, పెన్ను, సుద్ద ముక్క
- గాయాన్ని గట్టిగా నొక్కి కట్టడానికి శుభ్రమైన గుడ్డ, బ్యాండేజీ
- పైన చిక్కుకున్న మనిషిని దింపడానికి మాత్రమే వాడే విడి తాడు, విడి హార్నెస్ (ఎక్కే మనిషి ఒంటికి కట్టుకునే పట్టీలు)
- ప్రతి తాడుకు, స్లింగ్‌కు, గిలకకు ఒక నంబరు, కొన్న నెల రాసిన ట్యాగు
- పని చోటుకు దారి ఎలా చెప్పాలో ఒక చీటీ (ఏ వీధి, ఏ గుడి పక్కన, ఏ గేటు)

వీటన్నిటికంటే ముఖ్యం, ఎక్కడం వచ్చిన రెండో మనిషి కింద ఉండాలి. ఒక్కడే ఎక్కేవాడు ఉన్న టీము మొద్దులు దింపే పని ఒప్పుకోకూడదు. పైవాడికి దెబ్బ తగిలితే కింద ఉన్న నలుగురూ తలలెత్తి చూడటం తప్ప ఏం చేయలేరు, అది నేను చూశాను.

తాటిచెట్లు ఎక్కిన అలవాటుతో మోకుతోనే వేప, చింత ఎక్కే అన్నలు మన దగ్గర చాలామంది ఉన్నారు. 2024లో గీత కార్మికులకు ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఈ పనికి వాడొచ్చా అని కూడా అడుగుతున్నారు. అవి మనిషి తాటిచెట్టు మీద నుంచి జారి పడకుండా ఆపడానికి ఇచ్చినవి. వాటిలో తాడు గానీ, హుక్కు గానీ మొద్దుకు కట్టొద్దు, ఒక్కసారి కూడా.

## 2. మొదటి పది నిమిషాలు

వరుస తప్పొద్దు.

మొదట కోత మిషన్లన్నీ ఆపండి. తర్వాత పైకి చూడండి, మనిషి దగ్గరికి పరుగెత్తే ముందే చూడండి. సగం తెగిన కొమ్మ, వేలాడుతున్న మొద్దు, ఊడటానికి సిద్ధంగా ఉన్న గిలక ఏమైనా ఉందా? మొదటి దెబ్బ తర్వాత రెండో మొద్దు కిందికి వెళ్లి ఇంకొకరు గాయపడటం ఈ పనిలో కొత్త కాదు.

తర్వాత తీగలు. కొమ్మ గానీ తాడు గానీ కరెంటు తీగకు తగిలి ఉంటే చెట్టునూ, మనిషినీ, తాడునూ ముట్టుకోవద్దు. కనీసం పది మీటర్ల దూరం పోయి, లైన్‌మన్‌కూ, కరెంటు హెల్ప్‌లైన్ 1912కూ ఫోన్ చేసి, లైన్ ఆపారని వాళ్ల నోటి నుంచి విన్నాకే దగ్గరికి వెళ్లండి. పచ్చి చెట్టులో, తడి తాడులో కరెంటు పారుతుంది.

108కి ఫోన్ చేయడం ఒక్కరికే అప్పజెప్పండి, పేరు పెట్టి చెప్పండి. "ఎవరన్నా ఫోన్ చేయుండ్రి" అంటే ఎవరూ చేయరు.

పైన హార్నెస్‌లో కదలకుండా వేలాడుతున్న మనిషిని వీలైనంత త్వరగా దింపాలి. కాళ్లలో రక్తం ఆగిపోయి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. స్పృహలో ఉంటే కాళ్లు కదపమని, ఏదైనా కొమ్మ మీద ఆనించుకోమని చెబుతూ ఉండండి. దింపాక వెల్లకిలా పడుకోబెట్టి శ్వాస చూడండి. పై నుంచి పడ్డ మనిషినైతే మెడ, నడుము కదలనివ్వకుండా ఉన్నచోటే ఉంచండి, ఆటోలో మడతపెట్టి తీసుకుపోవద్దు. రక్తం కారుతుంటే గుడ్డతో గట్టిగా నొక్కి పట్టండి, మధ్యమధ్యలో తీసి చూడొద్దు.

## 3. సామాను కదపకుండా ఫోటోలు

మనిషిని పంపాక అందరూ చేసే పని, తాళ్లన్నీ చుట్టి బండిలో వేయడం. ఇంటి ఓనరు చూస్తుంటాడు, చుట్టుపక్కల వాళ్లు పోగవుతారు, ఎప్పుడెప్పుడు వెళ్లిపోదామా అనిపిస్తుంది. ఆగండి. చుట్టిన తాడు ఏమీ చెప్పదు. వేలాడుతూ ప్రమాదంగా ఉన్నదాన్ని మాత్రం దింపి, మిగతాది ఎక్కడున్నది అక్కడే వదిలేసి ఫోన్ తీయండి.

ఫోటోల వరుస ఇలా:

- దూరం నుంచి చెట్టు మొత్తం, నాలుగు వైపుల నుంచి
- ప్రతి మనిషీ నిలబడ్డ చోట సుద్దతో గుర్తు పెట్టి, ఆ గుర్తు
- పడ్డ మొద్దు, దాని మీద ముడి ఎక్కడ ఉందో
- కోత రెండు ముఖాలు: మొద్దు వైపు, చెట్టు వైపు
- గిలక, షాకిల్ (గిలకను స్లింగ్‌కు కలిపే, పిన్ను ఉండే ఇనుప కొక్కెం), స్లింగ్, ముడి విప్పకుండా
- బ్రేకు దగ్గర ఎన్ని చుట్లు ఉన్నాయో
- తెగిన తాడు రెండు కొసలూ, దగ్గరగా

తెగిన కొసను చదవడం నేర్చుకోండి, సగం కథ అక్కడే ఉంటుంది. నున్నగా అడ్డంగా తెగితే రంపం గానీ కత్తి గానీ తగిలినట్టు. పోగులు పొడవు పొట్టిగా, చీపురులా విచ్చుకుని ఉంటే బరువుకు తెగినట్టు. కొస గట్టిపడి, మెరుస్తూ, కరిగి అంటుకున్నట్టుంటే రాపిడి వేడికి పోయినట్టు. మనం నైలాన్ తాడు అని కొనేదాంట్లో చాలావరకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, అది 165 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, బ్రేకు మీద జోరుగా జారితే ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఒక్క చోటే నూగు లేచి, అక్కడే తెగితే ఏదో అంచుకు రాసుకుంటూ వచ్చింది. ముడిలోకి తాడు దూరే చోటే తెగితే ముడి వల్ల పోయిన బలం లెక్కలోకి తీసుకోలేదన్నమాట.

తెగిన ముక్కలు ఒక గోనె సంచిలో వేసి, తేదీ రాసి, కారణం తేలేదాకా దాచండి.

## 4. అదే రోజు, ఒక్కొక్కరినీ విడిగా అడగండి

నలుగురినీ కూర్చోబెట్టి అడిగితే మేస్త్రీ చెప్పిందే మిగతా ముగ్గురూ చెబుతారు. చిన్న పిలగాడైతే అసలు నోరు తెరవడు. అందుకే విడివిడిగా, టీ తాగుతూ, రాత్రి పడుకునేలోపే అడగాలి. తెల్లారితే ఎవరికి వాళ్లు మనసులో కథ సర్దుకుంటారు, అది అబద్ధం కాదు, జ్ఞాపకం అలాగే పనిచేస్తుంది.

"ఎందుకట్ల చేసినవ్?" అని మొదలుపెట్టొద్దు, ఆ మాటతో అవతలి మనిషి కాచుకోవడం మొదలుపెడతాడు. "తమ్మీ, కోత మొదలైనప్పుడు నువ్వు ఏడ నిలబడ్డవ్? నీకేం కనబడ్డది? ఏం ఇనబడ్డది?" ఇలా అడగండి. చెప్పినంతసేపు మధ్యలో ఆపొద్దు. చివర్లో ఇవి తప్పకుండా అడగండి:

- పొద్దున్నుంచి ఇది ఎన్నో మొద్దు? ముందు వాటికీ దీనికీ తేడా ఏంటి?
- ఆఖరుసారి నీళ్లు ఎప్పుడు తాగావు, అన్నం ఎప్పుడు తిన్నావు?
- ఇది సరిగ్గా లేదు అని నీకు ఏ క్షణంలోనైనా అనిపించిందా? అనిపిస్తే ఎందుకు చెప్పలేకపోయావు?

మే నెలలో వరంగల్‌లో ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. మధ్యాహ్నం రెండింటికి చెట్టు మీద ఉన్న మనిషి చేసే తప్పు, పొద్దున ఏడింటికి అతనే చేయడు. మూడో ప్రశ్న ఇంకా ముఖ్యం. నా అనుభవంలో ప్రతి ప్రమాదంలోనూ ఎవరో ఒకరికి ముందే అనుమానం వచ్చి ఉంటుంది.

## 5. బరువు లెక్క కట్టండి

ఈ మెట్టు దాటేసే వాళ్లే ఎక్కువ, నాకు బాధ కలిగించేది కూడా ఇదే. పడ్డ మొద్దు కళ్ల ముందు ఉంటుంది, టేపు చేతిలో ఉంటుంది, లెక్క రెండు నిమిషాలు.

పచ్చి కర్రను నీళ్లంత బరువు అనుకోండి, అంటే ఘనపు మీటరుకు 1000 కిలోలు. కొన్ని చెట్లు దీనికంటే తేలిక, కొన్ని కొంచెం ఎక్కువ, కానీ పని చోట ఈ అంకె చాలు. అడ్డం (వ్యాసం) సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే హెచ్చవేసి, 0.0785తో హెచ్చవేసి, పొడవు మీటర్లతో హెచ్చవేస్తే కిలోలు వస్తాయి.

మీటరు పొడవు మొద్దుకు:

- 20 సెం.మీ. అడ్డం: 31 కిలోలు
- 30 సెం.మీ.: 71 కిలోలు
- 40 సెం.మీ.: 126 కిలోలు
- 50 సెం.మీ.: 196 కిలోలు
- 60 సెం.మీ.: 283 కిలోలు

అడ్డం రెట్టింపైతే బరువు నాలుగు రెట్లు. కంటితో చూసి "కొంచెం లావుందంతే" అనుకునే చోటే చేతులు కాలుతున్నాయి.

ఇది నిలకడ బరువు. పడుతున్న మొద్దును తాడు ఆపినప్పుడు వచ్చే లాగుడు వేరే. మొద్దు తాడు బిగిసేలోపు ఎంత ఎత్తు పడింది, బిగిశాక ఎంత దూరంలో ఆగింది, ఈ రెండూ కావాలి. రెండూ కలిపి, ఆగిన దూరంతో భాగిస్తే బరువుకు ఎన్ని రెట్లో వస్తుంది. ఇది సగటు, ఒక్క క్షణం పాటు వచ్చే గరిష్ఠ లాగుడు ఇంకా ఎక్కువ ఉంటుంది.

నాలుగేళ్ల కింద హనుమకొండలో ఒక ఇంటి పెరట్లో మా టీముకు జరిగింది చెబుతాను. వేప మొదలు, పైనుంచి ముక్కలు ముక్కలుగా దింపుతున్నాం, గిలక కోత కింద కట్టి ఉంది. మొద్దు 35 సెం.మీ. అడ్డం, మీటరున్నర పొడవు, అంటే 145 కిలోల దాకా. తాడు బిగిసేలోపు రెండు మీటర్లు పడింది, అర మీటరులో ఆగింది. రెండున్నరను అరతో భాగిస్తే ఐదు రెట్లు, 725 కిలోలు. గిలక మీద తాడు రెండు వైపులా కిందికే లాగుతుంది కాబట్టి స్లింగ్ మీద పడేది దాదాపు దానికి రెట్టింపు, టన్నున్నర దగ్గర. స్లింగ్ తెగింది. కింద తాడు పట్టిన తమ్ముడికి భుజం దగ్గర ఎముక విరిగింది.

గిలక దగ్గర తాడు మడత తిరిగే కోణం గుర్తుంచుకోండి. రెండు పాయలూ పక్కపక్కనే కిందికి వస్తే లాగుడు రెట్టింపు. రెండు పాయల మధ్య 90 డిగ్రీలుంటే 1.4 రెట్లు. 120 డిగ్రీలుంటే తాడు మీద ఉన్నంతే.

## 6. మొద్దు నుంచి చేతిదాకా తాడు వెంట నడవండి

ఇప్పుడు వరుసగా ఒక్కో లింకు దగ్గర ఆగండి. తెగిన దాని దగ్గరే ఆగిపోకుండా తెగని వాటినీ చూడాలి, మా కేసులో అసలు విషయం అక్కడే దొరికింది.

మొద్దు మీద ముడి. జారిందా, బిగిసిందా? రన్నింగ్ బౌలైన్ (లాగితే బిగిసే ఉచ్చు ముడి) ఒక్కటే వేసి పొడవాటి నున్నటి మొద్దు దింపితే జారే అవకాశం ఉంది. దానికి ముందు ఒక సగం చుట్టు వేసుకోవాలి. ఏ ముడైనా తాడు బలంలో మూడో వంతు, ఒక్కోసారి సగం దాకా తినేస్తుంది.

లోడు తాడు. ఎంత లావు, ఎన్నాళ్ల నాటిది, ఎండలో ఎన్నాళ్లు ఉంది? పాలీప్రొపిలీన్‌ను ఎండ తినేస్తుంది, పైపోగులు గోటితో గీకితే పొడి రాలుతుంటే అది ఇక లోడుకు పనికిరాదు. అసలు నైలాన్ తడిస్తే బలం కొంత తగ్గుతుంది. షాపువాడు చెప్పే బరువు తెగే బరువు. పనికి వాడాల్సింది అందులో పదో వంతు.

గిలక, షాకిల్. షాకిల్ పిన్ను పూర్తిగా బిగించి ఉందా? దాని మీద మోయగల బరువు అచ్చుపడి ఉందా? అచ్చు లేని షాకిల్‌ను లోడుకు వాడొద్దు. అల్యూమినియం హుక్కులు మనిషి కోసం, అవి మొద్దు కింద పెడితే పక్కకు తిరిగి గేటు (హుక్కు నోరు మూసే నాలుక) మీద బరువు పడుతుంది.

స్లింగ్. రెట్టింపు బరువు మోసేది ఇది. అంటే లోడు తాడు కంటే బలమైనది ఉండాలి. మన టీముల్లో మిగిలిన తాడు ముక్కే స్లింగ్ అవుతోంది, ఈ వరస తిరగబడాలి. చెట్టు చుట్టూ ఉరిలా బిగించి వాడితే రేటింగ్‌లో (దాని మీద రాసిన మోయగల బరువులో) ఐదో వంతు తీసేసి లెక్కపెట్టండి.

స్లింగ్ కట్టిన చోటు. చెద పట్టిందా, బోలుగా ఉందా, పాత గాయం ఉందా? సుత్తితో కొట్టి వినండి. మునగ, గుల్మొహర్ కొమ్మలు చెప్పకుండా విరుగుతాయి. రెండు మొదళ్లు బెరడు మింగి కలిసిన పంగ చూడటానికి గట్టిగా ఉంటుంది, లోపల అతుకు ఉండదు. గాలికి ఊగిన చెట్టైతే ఇంకా అనుమానించండి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేల చెట్లు ఒక్క సాయంత్రంలో పడిపోయాయి. అలాంటి గాలి తర్వాత నిలబడి ఉన్న చెట్టులో కూడా పగుళ్లు ఉండొచ్చు.

కోత. మొద్దు పడే వైపు ముందు వేసే గాటు లోతు సరిపోయిందా? కీలులా వదలాల్సిన కర్ర వదిలారా, పూర్తిగా కోసేశారా? కోత ముఖం ఫోటోలో ఇవన్నీ కనిపిస్తాయి.

బ్రేకు. ఎన్ని చుట్లు? చుట్టు చుట్టుకూ పట్టు కలిపినట్టు పెరగదు, హెచ్చవేసినట్టు పెరుగుతుంది. రెండు చుట్లతో జారే మొద్దు నాలుగు చుట్లతో రాయిలా ఆగిపోతుంది. తాడు జారుతూ ఆగితే లాగుడు తక్కువ, టక్కున ఆగితే ఎక్కువ. మా వేప దగ్గర నాలుగు చుట్లు ఉన్నాయి.

మనుషులు. తాడు పట్టినవాడు ఎక్కడ నిలబడ్డాడు? మొద్దు పడినా, ఊగినా, తాడు తెగి కొరడాలా వచ్చినా చేరే చోటులో ఎవరైనా ఉన్నారా? పైవాడి ఎక్కే తాడు, నడుము తాడు కోసే ముక్కకే కట్టి లేవు కదా? ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ అలసిపోయిన మనిషి చేస్తాడు.

మాట. "కోస్తున్నా" అని పైవాడు అన్నాడా, "తయార్" అని కిందివాడు అన్నాక కోశాడా, మిషన్ చప్పుడులో అసలు వినబడిందా?

## 7. "ఎందుకు" అని వదలకుండా అడగండి

మా టీములో మొదటి రోజు అందరం అన్న మాట, "స్లింగ్ పాతది." అక్కడ ఆగి ఉంటే కొత్త స్లింగ్ కొని ఊరుకునేవాళ్లం. నోటు బుక్కులో ఇలా రాసుకున్నాం:

1. స్లింగ్ ఎందుకు తెగింది? టన్నున్నర దాకా పడింది. కొత్తప్పుడు రెండున్నర టన్నులకు పైగా ఆగే 14 మి.మీ. తాడే, కానీ ముడి సగం తినేసింది, ఎండ కొంత తినేసింది.
2. అంత బరువు ఎందుకు పడింది? మొద్దు మీటరున్నర కోశాం, బ్రేకు జారలేదు.
3. ఎందుకంత పొడవు కోశాం? సాయంత్రమైంది, పొద్దున్నుంచి 60 సెం.మీ. చొప్పున దింపుతున్న పైవాడు తొందరగా అయిపోతుందని పెంచాడు. కిందివాడికి చెప్పలేదు.
4. బ్రేకు ఎందుకు జారలేదు? తాడు పట్టిన తమ్ముడు కొత్తవాడు. మొద్దు పెద్దగా కనబడి భయమేసి, తనే ఇంకో రెండు చుట్లు వేశాడు.
5. అతను మొద్దు కిందే ఎందుకు ఉన్నాడు? బ్రేకు అదే చెట్టు మొదట్లో ఉంది. ఎనిమిది మీటర్ల అవతల ఉన్న కొబ్బరిచెట్టుకు కట్టొచ్చు కదా? తాడు చాలదు.
6. తాడు ఎందుకు చాలదు? 30 మీటర్ల తాడులో పది మీటర్లు ఆ నెలలోనే కోసేశాం.
7. ఎందుకు కోశాం? స్లింగ్‌లు చేసుకోవడానికి.

ఏడోది రాశాక చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. తెగిన స్లింగూ, తమ్ముడు మొద్దు కింద నిలబడాల్సి రావడమూ రెండూ ఒకే రోజు, ఒకే కత్తితో, నా చేత్తో చేసిన పని నుంచి వచ్చాయి. అది చెట్టెక్కని రోజు. ఇంటి ముందు కూర్చుని పొదుపు చేశాననుకుంటూ కోశాను.

అందుకే చెబుతున్నా, కారణాల వరుస చెట్టు దగ్గర ఆగితే మీరు సగం దారిలో ఉన్నట్టు. కొనుగోలు, బేరం, రోజు కూలి, గడువు, వీటిదాకా పోవాలి.

## 8. ఈ దశలో చేసే తప్పులు, వాటి సవరణ

తప్పు: ఒక మనిషి మీద నెట్టేయడం. "వాడు చుట్లు ఎక్కువ వేసిండు" అంటే పని అయిపోయినట్టు ఉంటుంది. వాడికి ఎన్ని చుట్లు వేయాలో ఎవరు నేర్పారు అని అడగండి. వాడిని తీసేస్తే రేపొచ్చే కొత్తవాడూ అదే చేస్తాడు.

తప్పు: ఇంకా లావు తాడు కొనేయడం. లావు తాడు సాగడం తక్కువ. మొద్దు ఇంకా తక్కువ దూరంలో ఆగుతుంది, లాగుడు పెరుగుతుంది, తాడు తెగకుండా ఆగి, స్లింగో, గిలకో, చెట్టు పంగో పోతుంది. ముందు మొద్దు పొడవు తగ్గించండి, గిలకను కోతకు వీలైనంత దగ్గరగా కట్టండి, తాడులో వదులు తీసేయండి, బ్రేకు జారనివ్వండి. ఈ నాలుగింటికీ పైసా ఖర్చు లేదు. గిలకను కోతకు పైన ఉన్న బలమైన కొమ్మకు కట్టే వీలుంటే ఇంకా మంచిది, మొద్దు దాదాపు పడకుండానే తాడు మీద ఆగుతుంది.

తప్పు: గాయమైతేనే లెక్క. తృటిలో తప్పిన గండాలూ అదే బుక్కులో రాయండి. ముడి జారి ఆగింది, కొమ్మ ఊహించని వైపు ఊగింది, ఎవరికీ తగల్లేదు. గాయం కాలేదన్న మాట తప్ప మిగతా వరుసంతా ఒకటే.

తప్పు: "ఇకనుంచి జాగ్రత్తగా ఉందాం" అనుకోవడం. చేత్తో ముట్టుకోగలిగే మార్పు ఉండాలి. మేము చేసినవి: లోడు తాడును ఎప్పుడూ కోయకూడదని రెండు కొసలకూ ఎర్ర టేపు చుట్టాం. స్లింగ్‌లు రేటింగ్ ట్యాగు ఉన్నవి విడిగా కొన్నాం. పైవాడి దగ్గర 60 సెం.మీ. కర్ర ఒకటి కట్టి ఉంటుంది, 30 సెం.మీ. అడ్డం దాటిన మొద్దుకు అదే కొలత.

తప్పు: కాగితాలు పట్టించుకోకపోవడం. ఆస్పత్రి చీటీలు, ఫోటోలు, ఆ రోజు ఎవరెవరు పనిలో ఉన్నారో రాసిన పేజీ, కూలి ఇచ్చిన రుజువు భద్రంగా పెట్టండి. చెట్లు నరికే పని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం షెడ్యూల్‌లో ఉండేది, 2025 నవంబరు నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది. గాయపడ్డ తమ్ముడికి రావాల్సింది రావాలంటే ఈ కాగితాలే ఆధారం.

## 9. సామాను ఏరివేత

ఆ ప్రమాదంలో జర్కు తిన్న ప్రతిదీ, తెగకపోయినా, పక్కన పెట్టండి. లోపలి పోగులు తెగాయో లేదో పైనుంచి కనిపించదు.

- తాడు మొత్తం పొడవునా చేతుల్లోంచి లాగుతూ చూడండి: గట్టిపడ్డ చోటు, సన్నబడ్డ చోటు, మెరుపు, నూగు
- మనిషిని పడకుండా ఆపిన హార్నెస్, ఎక్కే తాడు మళ్లీ వాడొద్దు; కొత్త హార్నెస్ మీద ఐఎస్ 3521 గుర్తు చూసి కొనండి
- వంగిన షాకిల్, పగుళ్లున్న గిలక, సరిగ్గా మూతపడని హుక్కు తీసేయండి
- దెబ్బ తిన్న హెల్మెట్ పగలకపోయినా మార్చండి

కారణం తేలాక, పనికిరాదన్న తాడును రెండు మీటర్ల ముక్కలుగా కోసేయండి. లేకపోతే నెల తిరిగేసరికి ఎవరో ఒకరు మంచి తాడే కదా అని మళ్లీ బండిలో వేస్తారు.

## 10. మళ్లీ పని మొదలుపెట్టే రోజు

పెద్ద చెట్టుతో మొదలుపెట్టొద్దు. పొట్టి చెట్టు మీద, 20 సెం.మీ. మొద్దులతో, అదే టీముతో ఒక పూట సాధన చేయండి. కొత్తవాడి చేత బ్రేకు వేయించండి. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు, తాడు ఎలా జారుతుందో చేతికి తెలియాలి. చేతికి తొడుగు ఉండాలి, తాడును చేతికి చుట్టుకోకూడదు.

పైన చిక్కుకున్న మనిషిని దింపే సాధన కూడా ఆ రోజే. గడియారం పెట్టి చూడండి, మాకు మొదటిసారి 25 నిమిషాలు పట్టింది, అంతసేపు వేలాడటం ప్రాణాపాయం. ఇప్పుడు ఏడు నిమిషాల లోపు దింపుతున్నాం.

"ఆగు" అనే మాట ఎవరు అన్నా, ఎంత చిన్నవాడు అన్నా, పైవాడు మిషన్ ఆపాలి. కారణం తర్వాత అడగాలి. మేస్త్రీ మొదటి వారంలో కావాలనే ఒకటి రెండుసార్లు చిన్నవాడి చేత "ఆగు" అనిపించాలి, లేకపోతే ఆ మాట వాడి నోట్లోంచి రాదు.

ప్రతి మొద్దుకూ ముందు, కోత మొదలుపెట్టకముందు:

- అడ్డం ఎంత, పొడవు ఎంత, బరువు ఎంత అని పైవాడు గట్టిగా చెప్పాడా
- పోయిన మొద్దు కంటే పెద్దదైతే కిందివాడు సరేనన్నాడా
- గిలక కోతకు దగ్గరగా ఉందా, తాడులో వదులు తీశారా
- బ్రేకు చుట్లు ఎన్నో ఇద్దరికీ తెలుసా
- పడే చోటు, ఊగే చోటు ఖాళీగా ఉందా, ఇంటివాళ్లు, పిల్లలు లోపలే ఉన్నారా
- తీగలు దగ్గరుంటే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకున్నాడా, ఎన్నింటిదాకా
- పైవాడి రెండు కట్లూ కోసే ముక్కకు కింద, చెట్టుకే ఉన్నాయా
- "కోస్తున్నా", "తయార్", రెండూ వినబడ్డాయా

మా దగ్గర ఈ పట్టీ లామినేషన్ చేయించి బ్రేకు డ్రమ్ముకే కట్టాం. ఆ తమ్ముడు ఆరు నెలలకు తిరిగి పనిలోకి వచ్చాడు, ఇప్పుడు బ్రేకు అతనిదే, పట్టీ చదివేదీ అతనే.